తరుగు

ధాన్యం గోదాములో పనిచేసినవాడు తరుగు అన్న మాట చెవిన పడితే చాలు, నిద్రలోంచి లేచి కూర్చుంటాడు. విజయవాడ చుట్టుపక్కల ప్రభుత్వ గోదాముల్లో నేను 34 ఏళ్లు పనిచేశాను. లారీ వచ్చి నిలబడగానే బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగుతాం, తేమ చూస్తాం. 17 శాతం దాటితే వెనక్కి పంపిస్తాం. 17 శాతంతో లోపలికొచ్చిన వడ్లు వేసవి వెళ్లేసరికి 14 శాతానికి ఆరితే, క్వింటాలుకు మూడున్నర కిలోలు గాలిలో కలిసిపోతాయి. ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎవరూ తినలేదు. దాన్ని ఆరిన తరుగు అంటాం. అది మా తప్పు కాదని పైవాళ్లకూ తెలుసు. ఆ పైన ఒక్క బస్తా తగ్గినా సంజాయిషీ రాయాల్సిందే. ఎలుకలు కొట్టాయా, పురుగు పట్టిందా, కప్పు కారిందా, కాటా దగ్గర ముఠావాళ్లు పొరబడ్డారా, ఎవరైనా చెయ్యి పెట్టారా? వీటన్నిటినీ కలిపి మాలో మేం ఎలుక తరుగు అనుకునేవాళ్లం. ఒక తరుగుకు మనిషి జవాబుదారీ కాడు, రెండోదానికి అణా పైసలతో జవాబుదారీ. గోదాము కాపలాదారు విద్యంతా ఈ రెండిటినీ విడదీసి రాయడంలోనే ఉంది.

2021 జూన్ 30న రిటైరయ్యాను. ఆ రోజు స్టాకంతా లెక్కపెట్టి కొత్తాయనకు అప్పగించాను. కిలో తేడా రాలేదు. శాలువా కప్పారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక మా ఆవిడ మంచినీళ్లు చేతికిచ్చి, మామూలుగానే అంది: "ముప్పై నాలుగేళ్లూ ఎటు పోయినయ్యండీ?"

నా దగ్గర జవాబు లేదు. 1996 తుపాను ఏడాది ఏ గోదాములో ఎన్ని బస్తాలు తడిశాయో అడిగితే చెప్పగలను. ఆ ఏడాది మా పెద్దమ్మాయి ఏ తరగతిలో ఉందో అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవాలి. బస్తాల దగ్గర అంత కచ్చితంగా ఉన్న మనిషిని, రోజుల దగ్గర తలుపులు బార్లా తీసి పెట్టుకున్నాను.

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణాల ముందు నిలబడడం నాకు కుర్రతనం నుంచీ ఉన్న అలవాటు. ఆ ఏడాది చివర్లో అక్కడే 60 రూపాయలు పెట్టి ఒక పాత ఇంగ్లిషు పుస్తకం కొన్నాను. ఆయుష్షు చాలడం లేదని వాపోయేవాళ్ల గురించి రోమన్ తత్వవేత్త సెనెకా క్రీ.శ. 49 ప్రాంతంలో రాసిన చిన్న గ్రంథం అది. తత్వం మీద నాకు పెద్ద మోజు లేదు. ముందుమాటలో ఒక ముక్క చూసి కొన్నాను: ఆ గ్రంథం పౌలినస్ అనే అధికారిని ఉద్దేశించి రాసిందట, ఆ పౌలినస్ ఉద్యోగం రోము నగరానికి ధాన్యం సరఫరా చూడడమట. అంటే మా శాఖ మనిషి.

అప్పట్లో రోములో సుమారు 2 లక్షల మందికి సర్కారు ధాన్యం ఉచితంగా పంచేవాళ్లు. ఈజిప్టు నుంచీ ఉత్తర ఆఫ్రికా నుంచీ ఓడల్లో గోధుమలు రావాలి, రేవులో దిగాలి, గోదాముల్లో చేరాలి, చెడిపోకుండా ఉండాలి, బరువూ కొలతా సరిపోవాలి. ఇవన్నీ పౌలినస్ నెత్తిన ఉన్నాయి. సెనెకా అతనికి ఒక సంగతి గుర్తుచేస్తాడు. కలిగులా చక్రవర్తి పడవలు వరసగా కట్టించి వంతెనలు వేయించుకుని సరదా తీర్చుకుంటుంటే, అతను చచ్చేనాటికి నగరంలో ఏడెనిమిది రోజుల తిండి మాత్రమే మిగిలి ఉందట. ఆ సంగతి జనానికి తెలియకుండా అధికారులు కడుపులో దాచుకున్నారట.

అక్కడ పుస్తకం మూసేశాను. ఏడెనిమిది రోజుల తిండి అంటే ఏమిటో నేను చూశాను. మాది ఘంటసాల దగ్గర ఊరు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను ఉప్పెన ముంచింది. సముద్రం మా ఊరిదాకా రాలేదు కానీ గాలీ వానా వచ్చాయి. కోతకొచ్చిన సార్వా చేలన్నీ నీళ్లలో పడుకున్నాయి. నాకప్పుడు 16 ఏళ్లు. మొలకెత్తిన కంకుల్ని రోడ్డు మీద ఆరబోస్తుంటే వచ్చిన ఆ ముక్కిన వాసన ఇప్పటికీ నాకు తెలుసు. మా అమ్మ రోజూ పొద్దున్నే గాదెలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఇంకెన్నాళ్లకు వస్తాయో చూసుకుని, ఏమీ అనకుండా సోలతో బియ్యం కొలిచి పొయ్యి దగ్గరికి వెళ్లేది. మిగిలినదెంతో తెలుసుకుని ఈ పూటకెంతో తీసుకోవడం నేను మొదట ఆమె దగ్గరే చూశాను. సెనెకా రోజుల గురించి చెబుతున్నదీ అదే పద్ధతి అని అర్థం కావడానికి నాకు 60 ఏళ్లు పట్టింది.

సెనెకా స్టోయిక్కుల్లో ఒకడు. ఈ స్టోయిక్కులు ఎవరో ఎరగనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. క్రీ.పూ. 300 ప్రాంతంలో జీనో అనే సైప్రస్ బేహారి, ఓడ మునిగి సరుకంతా పోయాక, ఏథెన్సులో ఒక పుస్తకాల దుకాణంలో కూర్చుని సోక్రటీసు గురించి విని అటు తిరిగాడని చెబుతారు. తర్వాత అతను బజారులో ఒక బొమ్మల పంచలో నిలబడి పాఠాలు చెప్పాడు. గ్రీకులో ఆ పంచను స్టోవా అంటారు, ఆ పేరే వాళ్లకు వచ్చింది. మన భాషలో చెప్పాలంటే అరుగు మీద పుట్టిన తత్వం. గుడిలోదీ కాదు, అడవిలోదీ కాదు. దారినపోయే ఎవరైనా ఆగి వినొచ్చు. తర్వాత రోజుల్లో ఆ అరుగు మీద చక్రవర్తి మార్కస్ ఔరేలియస్ కూడా కూర్చున్నాడు, బానిసగా బతుకు మొదలైన కుంటి ఎపిక్టెటస్ కూడా కూర్చున్నాడు. ఇది చాలు.

ఇంకొక మాట. సెనెకా ఈ పుస్తకం రాస్తున్న రోజుల్లోనే మన తీరానికి పడమటి దేశాల ఓడలు వస్తున్నాయి. ఆ శతాబ్దపు నావికుడొకడు రాసిన 'పెరిప్లస్'లో మసాలియా అనే మన తీరం పేరు, అక్కడ నేసే సన్నని నూలుబట్టల సంగతీ ఉన్నాయి. తర్వాతి వందేళ్లలో టాలెమీ రాసిన కంటకస్సిల అనే రేవు మా ఘంటసాలే అని చరిత్రకారులు చెబుతారు. రోము మనకు మరీ దూరపు ఊరేమీ కాదు. మా ఊరి నేతగాడి రోజులు బట్టగా మారి అక్కడ ఎవరి ఒంటి మీదో ఉన్నాయి.

ఇక సంగతికొస్తాను. సెనెకా ఒకచోట ఇలాంటి మాట అంటాడు: పొలం సరిహద్దు కొంచెం జరిగితే మనిషి రాళ్లందుకుంటాడు, కత్తులందుకుంటాడు, కానీ తన బతుకులోకి ఎవడు చొరబడినా ఊరుకుంటాడు, పైగా తనే పిలిచి కూర్చోబెడతాడు. ఈ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చేను చూసి రాసినట్టుంది.

మాకు ఊళ్లో 2 ఎకరాల 20 సెంట్లు. పక్కది మా పెదనాన్నగారి పెద్దబ్బాయిది. మధ్యలో గట్టు. ఒక సార్వాకు గట్టు మా వైపు అడుగున్నర జరిగిందని నేను, జరగలేదని ఆయన. గట్టు పొడవు 210 అడుగులు. అంటే గొడవంతా 315 చదరపు అడుగుల నేల గురించి, ముప్పాతిక సెంటు కూడా లేదు. దాని కోసం 11 ఏళ్లు కోర్టుకు తిరిగాం. రిటైరయ్యాక ఒకరోజు పాత డైరీలు ముందేసుకుని కూర్చున్నాను. 63 వాయిదాలు. వకీలు దగ్గరికి, సర్వేయరు దగ్గరికి, సాక్షుల దగ్గరికి తిరిగినవి ఇంకో 48 రోజులు. మొత్తం 111. పొద్దున్నే బస్సెక్కి, కోర్టు వరండాలో నిలబడి, మధ్యాహ్నం మూడింటికి "వచ్చే నెల" అనిపించుకుని వచ్చిన రోజులివి. ఇంట్లో కూర్చుని అన్నం తింటూ ఆయన్ను మనసులో తిట్టుకున్న పూటలు ఇందులో లేవు. వాటికి డైరీలో గడి లేదు.

బస్తాల్లో ఇంత తరుగు వచ్చుంటే నా ఉద్యోగం పోయుండేది.

ఎపిక్టెటస్ పాఠం మొదలయ్యేదే ఇక్కడ. ఆయన స్వయంగా ఏమీ రాయలేదు, శిష్యుడు ఏరియన్ రాసి పెట్టాడు. మన చేతిలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. మన అభిప్రాయం, మన కోరిక, మన ప్రయత్నం మన చేతిలో ఉన్నాయి. ఒళ్లు, ఆస్తి, పేరు, ఎదుటివాడి బుద్ధి మన చేతిలో లేవు. ఈ మాట గీతలో ఎప్పుడో ఉందనేవాళ్లు మనలో చాలామంది. నాకా తొందర లేదు. మనకు తెలుసు అనుకున్న ప్రతి సంగతినీ మనం చెయ్యడం మానేశాం. గీత మా ఇంట్లో మూడు ప్రతులున్నాయి, కోర్టుకూ 63 సార్లు వెళ్లాను. ఇంకో భాషలో ఇంకో మనిషి చెబితే, తెలుసులే అని పక్కన పెట్టే వీలు లేకపోయింది.

ఎపిక్టెటస్ మాట వినగానే నాకు తోచింది మా రెండు తరుగులే. గట్టు ఎటు జరిగిందో, జడ్జిగారు ఎప్పుడు వింటారో, అవన్నీ తేమ. నాలో రోజూ రగిలిన పగ మాత్రం ఎలుక. ఎలుకకు నేనే తలుపు తీశాను.

కానీ ఈ లెక్కలో నేను చేసిన పెద్ద తప్పు గట్టు కాదు. అది చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు.

మా అమ్మ 2012లో పోయింది. చివరి ఏడు నెలలూ మంచంలోనే ఉంది. పగలంతా మా ఆవిడ చూసుకునేది, పొద్దున పూట జావ పట్టడం నా వంతు. రాగిజావ చెంచాతో కొంచెం కొంచెంగా పోయాలి. ఒక చెంచా మింగాక గొంతు కదిలి ఆగేదాకా చూసి ఇంకో చెంచా. గ్లాసు జావకు 40 నిమిషాలు. మధ్యలో రోజూ ఒకే ప్రశ్న: "ఏరా, చేలోకి నీళ్లొచ్చినయ్యా?" ఎండాకాలమైనా, కాలువ కట్టేసినా అదే ప్రశ్న. "వచ్చినయ్యమ్మా" అనేవాణ్ణి, గోడ గడియారం వంక చూస్తూ. తొమ్మిదింటికి గోదాము తలుపు తీయాలి. ఆమె ఇంకేదో చెప్పబోయేది, ఏ ఎద్దు గురించో, మా నాన్న ఏ ఏడాదో కాలువలో పడ్డ సంగతో. నేను చెంచా నోటికందించేవాణ్ణి. మాట ఆగిపోయేది.

వాయిదాలు లెక్కపెడుతూ తిరగేసిన డైరీల్లో ఆ ఏడు నెలలవీ ఉన్నాయి. చాలా పేజీల్లో నా దస్తూరీతోనే ఒకే ముక్క ఉంది: "అమ్మ. గంట ఆలస్యం."

నేను ఆ గంటను ఎలుక తరుగు కింద రాసుకున్నాను. కోర్టు రోజుల్ని మాత్రం "పని మీద" అని రాసుకున్నాను.

కొడుకునో కూతురినో ముద్దు పెట్టుకునేటప్పుడు, వీళ్లు చచ్చిపోయే మనుషులని గుర్తుంచుకోమని ఎపిక్టెటస్ అంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఎంత బండ గుండె అనిపించింది. ఇప్పుడు అట్లా అనిపించడం లేదు. ఆ మాట ఒక్కరోజు గుర్తున్నా నేను గడియారం వంక చూసేవాణ్ణి కాదు. డాన్యూబ్ నది దగ్గర యుద్ధ శిబిరాల్లో తనకు తానే గ్రీకులో రాసుకున్న మాటల్లో మార్కస్ ఔరేలియస్ పదేపదే చెప్పుకున్నదీ ఇదే: చేస్తున్న పనిని, ఇదే ఆఖరి పని అన్నట్టు చెయ్యి. ఆఖరిదన్నాడని గాభరా పడమని కాదు, చెంచా మీదే చూపు పెట్టమని.

అందుకే, ఈ స్టోయిక్కుల్ని పట్టుకొచ్చి టైమ్ మేనేజిమెంటు కింద అమ్మేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. విజయవాడ ఈ విషయంలో ముందే ముదిరిన ఊరు. మా వీధి చివర ఇంటరు పిల్లల హాస్టలు ఉంది. తెల్లవారుజామున ఐదింటికి బెల్లు, రాత్రి పదకొండుకు దీపాలార్పడం, మధ్యలో ప్రతి అరగంటకూ ఒక గడి. తిండికి 20 నిమిషాలు. ఆదివారం అమ్మానాన్నా వస్తే వాళ్లకూ ఒక గడి. ఆ కాగితం చూస్తే నిమిషం వృథా కాలేదు. కానీ ఆ నిమిషాల్లో ఒక్కటైనా ఆ పిల్లవాడిదేనా? సెనెకా దృష్టిలో బాగా తీరిక లేని మనిషే అందరికంటే తక్కువ బతికినవాడు. నెరిసిన జుట్టు చూసి ఎక్కువ కాలం బతికాడనుకోవద్దంటాడు, ఎక్కువ కాలం ఉన్నాడంతే అంటాడు. ఆయన చెప్పింది గడులు నింపమని కాదు. నీ రోజు ఎవరికి ఇస్తున్నావో తెలిసి ఇవ్వమని.

మనకు కాలం గురించి పట్టింపు లేదనడానికీ వీల్లేదు. మా ఆవిడ రోజూ క్యాలెండరులో వర్జ్యం చూస్తుంది, దుర్ముహూర్తం చూస్తుంది. దుర్ముహూర్తం 48 నిమిషాలు, వర్జ్యం దాదాపు గంటన్నర. ఆ వేళ దాటాకే కొత్త బియ్యం బస్తా మూతి విప్పుతుంది. నేను ఎప్పుడూ కాదనలేదు. ఏ పనీ కాలం విలువ ఎరగకుండా మొదలుపెట్టకూడదన్న మర్యాద అందులో ఉంది. స్టోయిక్కుల పాఠం మాత్రం, నాకు అర్థమైనంతవరకు, వేరు. ఘడియకు మంచీ చెడూ లేవు, అందులో మనం ఉన్న తీరుకే ఉన్నాయంటారు. ఈ విషయంలో నేను వాళ్ల వైపే. మా అమ్మకు జావ పట్టిన వేళల్లో వర్జ్యాలు ఎన్ని వచ్చాయో, నా బతుకులో అంతకంటే మంచి వేళ ఏదీ లేదని ఇప్పుడు తెలుస్తోంది.

సెనెకా 'కోపం' అనే గ్రంథంలో తన రాత్రి అలవాటు ఒకటి రాశాడు. సెక్స్టియస్ అనే పెద్దాయన నుంచి నేర్చుకున్నాడట. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడడం ఆపేశాక, ఆ రోజు చేసిందీ అన్నదీ అంతా తన ముందు తానే పెట్టుకుని విచారణ చేసుకునేవాడు. దేన్నీ దాచడు. చివర్లో, మళ్లీ చెయ్యకు అని హెచ్చరించి తనను తానే క్షమించుకుంటాడు. ఆ క్షమ ముఖ్యం. నాకు తెలిసిన దొరతనాల్లో సంజాయిషీ రాయించుకునేవాళ్లే గానీ క్షమించేవాళ్లు తక్కువ.

2022 సంక్రాంతి నుంచి నేనూ రాస్తున్నాను. ఎడమ పేజీ ఆరిన తరుగు, కుడి పేజీ ఎలుక తరుగు, అడుగున నిల్వ. నిద్ర, జ్వరం, గేటు దగ్గర రైలు కోసం ఆగడం, ఆసుపత్రిలో వంతు కోసం కూర్చోవడం, ఇవన్నీ ఎడమ పేజీ. వీటికి నేను జవాబు చెప్పుకోను. కుడి పేజీకి చెప్పుకుంటాను. ఒక నమూనా: "బుధవారం. పాత ఉద్యోగుల సంఘంలో ఎవరో నన్ను పిలవలేదని గంటన్నర కుమిలాను. ఫోనులో ఎవరి గొడవలో ముప్పావుగంట. నిల్వ: మనవడితో బందరు కాలువ గట్టున నడక. వాడు లస్కరును గేటు ఎట్లా లేపుతారని అడిగాడు. నాకూ తెలియదు, ఇద్దరం నిలబడి చూశాం." మా ఆవిడ లైటు స్విచ్చి దగ్గర నిలబడి "అయిందా లెక్క?" అని అడుగుతుంది. అయిందంటే ఆర్పేస్తుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట మేమిద్దరం ఇట్లా పాటిస్తున్నాం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు కింది గదిలో ఉన్న పాత డైరీలన్నీ నానిపోయాయి. 34 ఏళ్లవీ. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికి పోతున్నాయని రేడియోలో విన్నాం. కరెంటు లేదు, మేడమీద నాలుగు కుటుంబాలం, రోజులకొద్దీ చుట్టూ నీళ్లే. గతజల సేతుబంధనం అని చిన్నప్పుడు బడిలో చెప్పిన మాట ఆ రాత్రి నిజంగా అర్థమైంది. పోయిన డైరీల గురించి ఏడవలేదు. కొవ్వొత్తి వెలుగులో కొత్త పుస్తకంలో ఆ రోజుది రాశాను. ఎడమ పేజీ నిండిపోయింది. కుడి పేజీ ఖాళీ. ఆ వారంలో ఎవరికీ ఎవరి మీదా కోపం రాలేదు.

ఇంత నేర్పిన సెనెకాతో నాకొక తగువుంది. పౌలినస్‌కు ఆయన చివరికి ఇచ్చిన సలహా ఏమిటంటే, ఆ ధాన్యం ఉద్యోగం వదిలేసి వచ్చి తత్వం చదువుకొమ్మని. సర్కారు గోధుమల లెక్క కంటే సొంత బతుకు లెక్క తెలుసుకోవడం మేలట. కొలతలూ కాటాలూ చూడడానికి నీలాంటివాడు ఎందుకు, బరువు మోయడానికి మేలుజాతి గుర్రాన్ని కడతారా, అన్న ధోరణిలో మాట్లాడతాడు. అక్కడ నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. అదే పుస్తకంలో ఏడెనిమిది రోజుల తిండి గురించి భయంగా రాసినవాడు, ఆ తిండిని కాపాడే పనిని తక్కువ చేయడం న్యాయం కాదు. ఆయనా క్రీ.శ. 49లోనే ప్రవాసం నుంచి తిరిగొచ్చి నీరోకు గురువుగా కొలువులో చేరాడు. 62లో సెలవడిగితే నీరో ఇవ్వలేదు. 65లో ఆ శిష్యుడి ఆజ్ఞ మీదే ప్రాణం తీసుకున్నాడు. వదిలెయ్యమని చెప్పడం ఎంత తేలికో, వదలడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. కొలువుకు దూరంగా జరిగిన ఆ చివరి ఏళ్లలో లుసీలియస్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరాలు 124 మనకు మిగిలాయి. అందులో మొదటి ఉత్తరం మళ్లీ కాలం గురించే.

మార్కస్ ఔరేలియస్ దారి నాకు దగ్గర. పొద్దున లేవడానికి బద్ధకించినప్పుడు, మనిషి చెయ్యాల్సిన పనికే కదా లేస్తున్నానని ఆయన తనకు చెప్పుకునేవాడు. అర్ధరాత్రి కాలువ గేటు లేపే లస్కరు, ఎండలో బస్తా వీపు మీదికెత్తుకునే ముఠా మనిషి ఉద్యోగం వదిలేస్తే తత్వవేత్త అన్నమెట్లా తింటాడు? ఉద్యోగం కాదు వదలాల్సింది. మా గోదాములో ఒక ముఠా మేస్త్రి ఉండేవాడు. లారీ రావడం ఆలస్యమైతే మేమంతా తిట్టుకుంటుంటే, ఆయన బస్తాల నీడన కూర్చుని గోనెసంచుల చిరుగులు కుట్టేవాడు, లేకపోతే కళ్లు మూసుకుని ఊరికే ఉండేవాడు. ఎందుకింత ఆలస్యమని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన సెనెకా పేరు వినలేదు.

ఎదురుచూపు మన డెల్టాకు కొత్త కాదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ వంతు నీళ్ల కోసం గట్టు మీద కూర్చోవడం మన వ్యవసాయంలో ఒక భాగం. కాలువల్లో పడవలు తిరిగినన్నాళ్లూ ప్రయాణమంటే పూటలకు పూటలు కూర్చోవడమే. 1935లో పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణంగారు పడవలోనే గ్రంథాలయం పెట్టారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పోయే ప్రయాణికులకు పుస్తకాలందించారు. ఎంత పెద్ద ఆలోచన! పడవను వేగంగా నడపాలని చూడలేదు ఆయన. పడవ నెమ్మదే, అది తేమ లాంటిది. కూర్చున్న మనిషి చేతిలో ఏముందన్నదే ఆయన చూశారు. స్టోయిక్ పాఠాన్ని మన కాలువ మీద ఇంతకంటే బాగా చెప్పినవాళ్లను నేనెరగను. ఇప్పుడు ఆ చేతిలో ఫోనుంది. అందులోనూ పుస్తకాలున్నాయి. కానీ మనం ఎవరి గొడవలో చూస్తున్నాం.

ఆ 111 రోజుల లెక్క తేలిన మర్నాడు వకీలుకు ఫోను చేసి కేసు ఉపసంహరించమన్నాను. ఆయన రెండుసార్లు అడిగాడు, గెలిచే కేసండీ అన్నాడు. తర్వాత ఊరెళ్లాను. మా అన్నయ్యకప్పుడు 71. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. 11 ఏళ్లలో మేం కోర్టు వరండాలో తప్ప ఎదురుపడలేదు. "అన్నయ్యా, రాయి నువ్వెక్కడ వెయ్యమంటే అక్కడ వేద్దాం" అన్నాను. చాలాసేపు కాలువ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనంలో నేను గడియారం చూడలేదు. చివరికి లోపలికి కేకేసి రెండు కాఫీలు తెమ్మన్నాడు. రాయి గురించి ఆ రోజు మాట్లాడుకోలేదు. మా అమ్మ గురించి మాట్లాడుకున్నాం. మా నాన్న కాలువలో పడ్డ కథ మొత్తం ఆయనకు తెలుసు. నాకు చెప్పాడు.

రాయి పాత చోటే ఉంది. ఆ ఏడు సార్వాకు గట్టు పొడుగునా ఆయన కంది వేశాడు. సంక్రాంతి వెళ్లాక కోసి, సగం నాకు పంపాడు. కాటా వేశాను: 4 కిలోల 200 గ్రాములు.